కొత్తవాడ బస్సు

మన పాఠశాల వార్షిక సంచికకు ఏదైన వ్రాయుమని సంపాదకవర్గమువారు నన్ను కోరినప్పుడు, తెలుగు మాస్టరుగారు మరల సంధులను గూర్చియే వ్రాయుదురని విద్యార్థులు భయపడి యుందురు. భయము వలదు. ఈ యేడు నేనొక బస్సును గూర్చి వ్రాయుచున్నాను.

నేను నివసించు కొత్తవాడ మగ్గముల పేట. ఇచ్చటి దర్రీలు ఊరికి పేరు తెచ్చినవి. వరంగల్లు దర్రీలకు 2018లో భౌగోళిక గుర్తింపును లభించినది. మూడేండ్ల క్రిందట పేటలోని కొందరు పెద్దలు బస్సుల రాకపోకలను గూర్చి డిపో అధికారులకు సలహా చెప్పుటకై ఒక చిన్న సంఘము నేర్పరచి, నన్నును అందు చేర్చుకొనిరి. రోడ్డు రవాణా సంస్థలను గూర్చిన 1950 నాటి చట్టమునందు సలహా మండలుల ప్రస్తావన కలదు గాని, మాది అంత గొప్పది కాదు. నెలకొక శనివారము పగలు పదునొకండు గంటలకు కూడి, టీ త్రాగి, అర్జీ వ్రాయు ఏడుగురము మాత్రమే. చక్కని దస్తూరి గలవాడనని అర్జీలు వ్రాయు పని నాకు తగిలినది.

1932లో నిజాం రాష్ట్ర రైల్వేవారు 27 బస్సులతోను 166 మంది ఉద్యోగులతోను ఈ ప్రాంతమున బస్సులు నడప నారంభించిరని చెప్పుదురు. నాటి ప్రయాణికుల సలహా ఎవరు వినిరో గాని, మా మాట మాత్రము వినిరి. అదియే చిక్కు తెచ్చినది.

2023 డిసెంబరు 9వ తేదీనుండి స్త్రీలకు ఆర్టీసీ బస్సులలో ఉచిత ప్రయాణము కలిగినది. మంచిదే. కాని ఉదయమున బస్సులు క్రిక్కిరిసి, మన బాలికలు స్టాపులోనే నిలిచిపోవుచుండిరి. హాజరుపట్టీలో ఆలస్యపు గుర్తులు పెట్టి పెట్టి నా కలము విసిగినది. ఎనిమిది గంటల తరువాత బడిపిల్లల కనుకూలముగా ఒక బస్సు కావలెనని అర్జీ వ్రాసితిని. నెల తిరుగకముందే బస్సు వచ్చినది! ప్రార్థనాసమావేశమున నేనే ఆ వార్త ప్రకటించితిని. పిల్లలు చప్పట్లు కొట్టిరి. ఆ చప్పట్లు నాకు మిక్కిలి ఇంపుగా నుండెనని ఒప్పుకొనవలెను.

పిమ్మట ఒకనాడు బంధువును రైలెక్కించుటకై తెల్లవారుజామున అయిదు గంటలకు బయలుదేరితిని. స్టాపులో ఏడెనిమిదిమంది స్త్రీలు సద్దిమూటలతో నిలిచి యుండిరి. ఎనుమాముల మార్కెట్టునకు కూలికి పోవువారు. అందొక ముసలమ్మ మనుమరాలు మన ఆరవతరగతిలో చదువుచున్నది. ఆమె నన్ను గుర్తుపట్టి యడిగినది: “సారూ, అయిదున్నర బస్సు ఏమాయె? మీరే మార్పిచ్చిన్రంట గదా. ఆటోకు ఇచ్చినంక మాకేం మిగుల్తది?”

నాకు మాట రాలేదు. డిపోలో విచారించితిని. అప్పుడు అమలులో నుండిన 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టము ననుసరించి డ్రైవరు, కండక్టరుల పని సాధారణముగా దినమునకు ఎనిమిది గంటలకు మించరాదను నియమముండెను. మాకు క్రొత్త బస్సు వచ్చినదని సంతసించితిమి గాని, వచ్చినది పాత బస్సే. ఎనిమిది తరువాత ఒక ట్రిప్పు చేర్చుటకు వేకువ ట్రిప్పు తీసివేసిరి. అర్జీలో ఆ స్త్రీలనుగూర్చి ఒక్క ముక్కయు లేదు గనుక అధికారులను తప్పుపట్టుటకు వీలులేదు. వ్రాసినవాడను నేను.

తరువాతి కూటమిలో ఈ సంగతి చెప్పగా ఒక సభ్యుడు, “వారు వచ్చి యడుగలేదు గదా మాస్టరుగారూ” అనెను. ఎట్లు వత్తురు? శనివారము పదునొకండు గంటలకు వారు మార్కెట్టులో మిరపబస్తాల నడుమ నుందురు. కొంత వాదము జరిగినది. నేనును కొంచెము బిగ్గరగానే మాటలాడితిని. కడకు కూటమిని ఆదివారము సాయంకాలమునకు మార్చితిమి. మొదటిసారి ఇద్దరు స్త్రీలు వచ్చిరి. కుర్చీలు ఖాళీగా నున్నను నేలపై కూర్చుండబోయిరి. ముసలమ్మను కుర్చీలో కూర్చుండబెట్టుటకు నాకు అయిదు నిమిషములు పట్టినది. మాటలాడుటకు మాత్రము ఆమెకు క్షణము పట్టలేదు. ఏ నెలలలో సరకు ఎక్కువగా వచ్చునో, ఎన్ని గంటలకు గేటువద్ద నుండవలెనో, ఆలస్యమైన కూలి ఎట్లు పోవునో వరుసగా చెప్పినది. నేను వ్రాసికొంటిని.

రెండవ అర్జీకి ఫలము సగమే కలిగినది. మిరప కాలమున, అనగా ఫిబ్రవరినుండి ఏప్రిలువరకు, అయిదున్నర బస్సు మరల నడుచుచున్నది. ఆ మూడు నెలలు మన పిల్లల బస్సు ఇరువది నిమిషములు ఆలస్యముగా వచ్చును. ప్రధానోపాధ్యాయులవారు దయతో ఆ దినములలో మొదటి గంటను వెనుకకు జరిపిరి. లెక్కల మాస్టరుగారికి ఇది నేటికిని సమ్మతము కాదు. పరీక్షల ముందు తమ పీరియడే తగ్గినదని నన్ను చూచినప్పుడెల్ల గడియారము చూపుదురు.

మిగిలిన తొమ్మిది నెలల మాట ఇంకను తేలలేదు. మొన్న ఆదివారమున ముసలమ్మ మరల వచ్చి, ఈసారి తానే కుర్చీ లాగికొని కూర్చుండి, “సారూ, పత్తి దినాలది గూడ రాయుండ్రి” అనినది. ఆ అర్జీ సగము వ్రాసి బల్లపై నుంచితిని.