చేతులూపే దిష్టిబొమ్మ

ఆమడగూరు,
ఆదివారం రాత్రి.

బావా,

బెంగళూరు ఎస్పీ రోడ్డులో కొని నువ్వు పంపిన ఎస్‌జీ90 సర్వో మోటారును పోయిన వారం నోటికొచ్చినట్టు తిట్టినా. ‘నాసిరకం అంటగట్టినావు’ అని నిన్నూ అన్నా. ఆ మాటలన్నీ వెనక్కి తీసుకుంటున్నా. తప్పు మోటారుది కాదు, నాది.

శనక్కాయ చేలో నెమళ్లను బెదిరించే దిష్టిబొమ్మకు ఆ మోటారుతో చెయ్యి బిగించినానా, అప్పటినుంచి ఒకటే గుయ్యిమని గోల. చెయ్యి చలిజ్వరమొచ్చినట్టు వణికేది.

ముందు చెయ్యిగా కట్టిన వెదురుపుల్ల ఊడదీసి ఉత్త మోటారును తిప్పి చూసినా. వణుకు పోలేదు. అయితే జబ్బు బరువులో లేదు, తిండిలో ఉంది. ల్యాప్‌టాప్ యూఎస్‌బీ నుంచి ఆర్డుయినో బోర్డు మీదుగా కరెంటిస్తున్నా. అది ఇచ్చేది అర ఆంపియరు. 9 గ్రాముల మోటారే గానీ, కదలబోయే క్షణంలోనూ, అడ్డుపడినప్పుడూ అంతకు మించి లాగుతుంది. వోల్టేజీ పడిపోదా మరి?

నాలుగు రీచార్జి సెల్లులు విడిగా పెట్టినా, మొత్తం 4.8 వోల్టులు. ప్లస్సుకూ మైనస్సుకూ మధ్య 1000 మైక్రోఫారడ్ కెపాసిటర్ వేసినా. ఇంకా ఎక్కువ ఎగిరింది! చూస్తే, సెల్లుల మైనస్సును బోర్డు గ్రౌండుకు కలపడం మరిచినా. కలిపినా, వణుకు పోయింది.

చివర్లలో మాత్రం గుయ్యి మిగిలింది. సున్నా డిగ్రీలకు పొమ్మంటే అంతదూరం పోలేక లోపలి అడ్డును నెడుతూనే ఉంది. కోడులో 10 నుంచి 170 లోపలే తిప్పమన్నా. ఆగింది.

ఇప్పుడు చెయ్యెత్తి నిలిపితే సన్నగా మూలుగుతుంది. అది రోగం కాదు బావా. ఎక్కడుండాలో సెకనుకు 50 సార్లు కబురు వస్తుంది, ఎక్కడుందో లోపలి పొటెన్షియోమీటరు చెబుతుంది. బరువుకు చెయ్యి కాస్త దిగితే మోటారు మళ్లీ ఎత్తుతుంది. ఆ ఎత్తడమే మూలుగు. పుల్లను జానెడు కోస్తే అదీ తగ్గింది. కరకరమంటే మాత్రం పళ్లచక్రంలో పన్ను విరిగినట్టే, దాన్ని ఏ కెపాసిటరూ బాగుచేయదు.

చేలో గాలికి ఈ ప్లాస్టిక్ పళ్లు ఎన్నాళ్లో నిలవవు. పండక్కి వచ్చేటప్పుడు లోహపు పళ్ల ఎంజీ90ఎస్ ఒకటి తీసుకురా. డబ్బులు ఈసారి ముందే పంపుతున్నా.

ఇట్లు,
నీ బావ