ఖిల్లా నీడలో కుందేలు కూనలు

హైదరాబాద్ నుంచి వీకెండ్‌లో వెళ్లి రాగలిగే కోటలు ఏవంటే గోల్కొండ, భువనగిరి దగ్గరే ఆగిపోతాం. ఖిల్లా ఘణపూర్ పేరు చెప్తే మా ఆఫీసులో సగం మంది "అదెక్కడ?" అన్నారు. బెంగళూరు హైవే మీద జడ్చర్ల, భూత్పూర్ మీదుగా వెళ్లి, హైవే వదిలి లోపలికి తిరగాలి. ఒకప్పుడు మహబూబ్‌నగర్ జిల్లా. 2016 అక్టోబర్ 11 నుంచి వనపర్తి జిల్లా.

ఊళ్లోకి వస్తుంటే ముందు కనిపించేది గుట్టలే. రెండు గుట్టల్ని కలుపుతూ రాతి గోడ ఎక్కి దిగుతుంటుంది. 13వ శతాబ్దంలో కాకతీయుల సామంతుడు గోన గణపారెడ్డి కట్టించిన కోట ఇదని చెప్తారు. ఊరికి ఆ పేరు కూడా ఆయన వల్లే వచ్చిందంటారు. 'రుద్రమదేవి' సినిమాలో అల్లు అర్జున్ వేసిన గోన గన్నారెడ్డి గుర్తున్నాడా? ఆ గోన వంశం ఏలిన నేల ఇది. రంగనాథ రామాయణం రాసిన గోన బుద్ధారెడ్డిదీ ఇదే వంశం. కింద గణపసముద్రం చెరువు, చుట్టూ పొలాలు, పైన బండలు. ఫొటోలకు లోటు లేదు.

గత డిసెంబర్‌లో నేనూ ఫొటోల కోసమే వెళ్లాను. మా రూమ్మేట్‌ది ఆ ఊరే. శుక్రవారం రాత్రి బయల్దేరి వాళ్లింటికి చేరేసరికి అర్ధరాత్రి దాటింది. తెల్లారి లేచి కోట ఎక్కాలని ప్లాన్. కానీ తెల్లారేసరికి పెరట్లో వేరే పని మొదలైంది.

రూమ్మేట్ తమ్ముడు డిగ్రీ చదువుతున్నాడు. ఆరు నెలల కింద సంత నుంచి రెండు తెల్ల కుందేళ్లు తెచ్చి, ఇనుప జాలీ పెట్టెలో పెంచుతున్నాడు. ఆ రాత్రి ఆడది పిల్లలు పెట్టింది. తొలిచూలు. ఆరు పిల్లలు. ఒంటి మీద వెంట్రుక లేదు, కళ్లు తెరుచుకోలేదు, మన బొటనవేలంత ఉన్నాయి. జాలీ మీద తలో మూల పడి ఉన్నాయి. ఒకటి అప్పటికే చల్లబడి బిగుసుకుపోయింది. తల్లి మాత్రం ఇంకో మూల కూర్చుని వేరుశనగ ఆకు నములుతోంది. పిల్లల వైపు చూడనైనా చూడట్లేదు.

"తల్లి ఇడిసిపెట్టింది బిడ్డా. ఇగ బతకయి" అంది వాళ్ల అవ్వ, దూరం నుంచే చూసి.

తమ్ముడు ఏడుపు ఆపుకుంటున్నాడు. నాకు తెలిసిన అమ్మాయి ఒకామె వెటర్నరీ చదువుతోంది. వెంటనే ఫోన్ చేశాం. ఆమె మొదట అడిగింది రెండే ప్రశ్నలు. "గూడు ఉందా? పిల్లల పొట్టలు ఎలా ఉన్నాయి?"

కుందేలు పెంచేవాళ్లు ఎవరైనా గుర్తుపెట్టుకోవాల్సినవి ఈ రెండే. తల్లి పక్కన లేకపోవడం కుందేళ్లలో తప్పు కాదు. కుక్క, పిల్లి లాగా అది పిల్లల్ని పొదువుకుని కూర్చోదు. రోజుకి ఒకసారి, మహా అయితే రెండుసార్లు, ఎక్కువగా రాత్రి పూటో తెల్లవారుజామునో గూట్లోకి దిగి మూడు నాలుగు నిమిషాలు పాలిచ్చి వెళ్లిపోతుంది. 1965లోనే 'సైన్స్' పత్రికలో దీని మీద పరిశోధన వచ్చింది. మనం పగలంతా చూసి "పాపం, తల్లి పట్టించుకోవట్లేదు" అనుకుంటాం. అది మనం నిద్రపోయినప్పుడు వచ్చి వెళ్లి ఉంటుంది. పొద్దున పిల్లల పొట్ట గుండ్రంగా బిగువుగా ఉంటే తల్లి వచ్చినట్టే. పొట్ట లోపలికి పోయి, చర్మం ముడతలు పడి ఉంటే రానట్టు.

దీనికి కారణం కూడా ఉంది. ఇంట్లో పెంచే కుందేళ్ల పూర్వీకులు స్పెయిన్, పోర్చుగల్ ప్రాంతపు అడవి కుందేళ్లు. అక్కడ తల్లి పిల్లల కోసం విడిగా చిన్న బొరియ తవ్వి, గడ్డి, తన పొట్ట మీది బొచ్చు పీకి పరుస్తుంది. పాలిచ్చి బయటికొచ్చి బొరియ నోరు మట్టితో మూసేస్తుంది. మాటిమాటికీ వెళ్తే ఆ వాసన పట్టుకుని నక్క వస్తుంది. దూరంగా ఉండటమే అది పిల్లలకిచ్చే కాపలా.

మా కేసులో మాత్రం గూడే లేదు. పొట్టలు ముడతలు పడి ఉన్నాయి. ఇది నిజంగానే ప్రమాదం. తొలిచూలు కుందేళ్లకు ఇలా జరగడం మామూలేనట. గూడు పెట్టె లేకపోయినా, రాత్రంతా కుక్కలు చుట్టూ తిరిగినా, తాగడానికి నీళ్లు చాలకపోయినా, జనం గుమిగూడినా తల్లి బెదిరిపోతుంది.

"పాలు తర్వాత. ముందు వేడి" అంది ఆమె. ఒళ్లు చల్లబడిన పిల్లకు పాలు పడితే అరగవు. అప్పుడే పుట్టిన పిల్ల ఒక రోజు పాలు లేకుండా ఉండగలదు గానీ, డిసెంబర్ చలిలో ఒక గంట ఉండలేదు. సొంతంగా ఒంటి వేడి నిలుపుకునే శక్తి వాటికి ఇంకా రాదు.

నీళ్ల సీసాలో వేడి నీళ్లు పోసి, తువ్వాలు రెండు మడతలు చుట్టాం. అట్టపెట్టెలో ఎండు గడ్డి పరిచి, సీసా ఒక పక్కన పెట్టి, ఐదు పిల్లల్ని ఒకదాన్నొకటి ఆనుకునేలా చేర్చాం. తమ్ముడు తల్లిని ఒళ్లో పెట్టుకుని పొట్ట మీద చెయ్యి ఆడించాడు. ఈనే సమయానికి అక్కడి బొచ్చు వదులవుతుంది, లాగక్కర్లేకుండానే చేతికొస్తుంది. గుప్పెడు బొచ్చు వచ్చింది. పిల్లల మీద కప్పాం. అరగంటకి వేలు పెట్టి చూస్తే లోపల వెచ్చగా ఉంది. పిల్లలు కదులుతున్నాయి.

"మనుషుల చెయ్యి తగిలితే తల్లి దగ్గరికి రానియ్యదు గదా?" అని అవ్వ అడిగింది. నేనూ చిన్నప్పటి నుంచి అదే విన్నాను. పెంపుడు కుందేళ్ల విషయంలో అది నిజం కాదట. రోజూ మన చేతుల్లో తిరిగే జంతువు కాబట్టి మన వాసన దానికి కొత్త కాదు.

ఆ తర్వాత పెట్టెకు పాత చీర కప్పి చీకటి చేశాం. కుక్కను వాకిట్లో కట్టేశాం. తల్లికి గిన్నె నిండా నీళ్లు పెట్టాం. చూడటానికి వచ్చిన పక్కింటి పిల్లల్ని పంపించేశాం. ఇల్లు నెమ్మదించింది.

చీకటి పడ్డాక అసలు పని. తల్లిని అట్టపెట్టెలో, పిల్లల మీద నిలబెట్టాలి. బలవంతంగా నొక్కకూడదు, పారిపోకుండా ఆపాలి అంతే. నాకూ, తమ్ముడికీ చేతుల్లో నిలవలేదు. అవ్వ వచ్చి కొంగు దాని కళ్ల మీద కప్పి, రెండు చెవుల మధ్య బొటనవేలితో నిమిరింది. ఆగిపోయింది. ఫోన్ బ్రైట్‌నెస్ పూర్తిగా తగ్గించి లోపలికి చూశాను. కళ్లు లేని ఆ కూనలు ఒక్కసారిగా వెల్లకిలా తిరిగి, తలలు పైకెత్తి వెతికేస్తున్నాయి. నాలుగు క్షణాల్లో దొరకబుచ్చుకున్నాయి. తల్లి పాల నుంచి వచ్చే ఒక వాసనే వాటికి దారి చూపిస్తుందని 2003లో ఫ్రాన్స్ పరిశోధకులు కనిపెట్టారు. టైమర్ మూడు నిమిషాల ఇరవై సెకన్లు చూపించేటప్పటికి తల్లి దూకి వెళ్లిపోయింది.

వంటింట్లో ఉన్న చిన్న డిజిటల్ త్రాసు మీద తూచాం. నేను ఎక్సెల్ షీట్ తెరిచాను, అలవాటు పోదు కదా. 48 గ్రాములున్నది 57 అయింది. 45ది 53. నాలుగింటి పొట్టల్లోనూ పల్చని చర్మం కింద పాలు తెల్లగా కనిపిస్తున్నాయి. రోజుకి ఒక్క పూటే తాగుతాయి కాబట్టి, ఆ ఒక్కసారిలో ఒంటి బరువులో పావు వంతు దాకా తాగగలవు.

ఐదోది 29 గ్రాములు. తాగలేదు. పట్టుకునే బలం లేదు.

దానికి విడిగా ప్రయత్నించాం. కుందేలు పాలల్లో కొవ్వు 12 శాతం పైనే ఉంటుంది, ఆవు పాలల్లో 4 దాకా ఉంటుంది. పిల్లి పిల్లల పాలపొడి దొరికితే మేలు అంది ఫోన్లో. ఆ వేళ ఆ ఊళ్లో అది ఎక్కడ దొరుకుతుంది? పక్కింటి మేక పాలు గోరువెచ్చగా చేసి, ఇంకు ఫిల్లర్‌తో ఒక్కో చుక్క పెదవికి తాకించాం. పిల్లను వెల్లకిలా పడుకోబెట్టకూడదు, నిటారుగా పట్టుకోవాలి, లేకపోతే పాలు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. తాగాక తడి దూదితో తోక కింద మెల్లగా తుడవాలి, అప్పుడే మూత్రం పోస్తుంది. రాత్రి పదకొండుకి నాలుగు చుక్కలు తాగింది. రెండు గంటలకు రెండు చుక్కలు. తెల్లవారుజామున అవ్వ చేతిలోనే పోయింది.

అవ్వ దాన్ని గుడ్డలో చుట్టి వేప చెట్టు కింద పూడ్చి వచ్చింది. పొయ్యి దగ్గర కూర్చుని, మాకు టీ పోస్తూ అంది.

"నిన్న నేను ఇడిసిపెట్టిందన్న గదా. గా మాట అనకుండ ఉండాల్సింది. నన్ను గూడ గట్లనే అన్నరు."

రూమ్మేట్ వాళ్లమ్మకు రెండేళ్లప్పుడు అవ్వ, తాత బొంబాయి పోయారు. కూలి పనికి. వాన లేదు, అప్పు ఉంది. బిడ్డను ముసలి తల్లి దగ్గర వదిలి వెళ్లారు. పాలమూరు లేబర్ అంటే దేశమంతా తెలుసు. డ్యాముల దగ్గర, రోడ్ల మీద, బిల్డింగుల కింద ఈ జిల్లా మనుషులు ఉన్నారు. ఇళ్ల దగ్గర వాళ్ల పిల్లలు అవ్వల దగ్గర పెరిగారు.

"ఏడాదికొక్కపారి ఒచ్చేది. నాలుగొద్దులు ఉండి పోయేది. మీయమ్మ నా దగ్గరికి రాకపోయేది, మొకం తిప్పుకునేది. ఊరోళ్లు ఇది తల్లేనా అన్నరు. నేను పంపిన పైసలతోనే గదా పోరి బతికింది" అంది.

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది. వాళ్లమ్మ గుమ్మంలోకి వచ్చి నిలబడింది. "టీ చల్లారుతుంది, తాగే అమ్మా" అని మాత్రం అని, అవ్వ పక్కనే పీట వేసుకుని కూర్చుంది.

ఆ రోజు ఉదయం కోట ఎక్కాం. మెట్లు కొంతవరకే. తర్వాత బండల మధ్య కాలిబాట, ముళ్ల పొదలు, కూలిన గోడలు. మంచి బూట్లు, రెండు లీటర్ల నీళ్లు లేకుండా ఎక్కకండి. పైనుంచి చూస్తే గణపసముద్రం అద్దంలా కనిపిస్తుంది.

సగం దారిలో గొర్రెలు కాస్తున్న పెద్దాయన ఒకాయన మమ్మల్ని ఆపి గడ్డిలోకి చూపించాడు. "సూడుండ్రి, చెవుల పిల్లి పిల్ల." అరచేతిలో పట్టేంత అడవి కుందేలు పిల్ల. ఒంటి నిండా మట్టి రంగు బొచ్చు, కళ్లు తెరిచి మా వైపే చూస్తోంది. కదలట్లేదు. చుట్టూ ఎవరూ లేరు. మా వెనక వస్తున్న కుర్రాళ్లలో ఒకడు "అయ్యో, తల్లి లేదు భయ్యా, తీసుకెళ్దాం" అని వంగాడు.

రూమ్మేట్ తమ్ముడు వాడి చెయ్యి పట్టుకుని ఆపాడు. రాత్రంతా మేలుకుని ఎర్రబడ్డ కళ్లతో, మాకంటే చిన్నోడు, వాళ్లకు క్లాసు పీకాడు. ఇంట్లో పెంచే కుందేలు వేరు, ఇది వేరు. చెవుల పిల్లి బొరియ తవ్వదు. దాని పిల్లలు బొచ్చుతో, తెరిచిన కళ్లతోనే పుడతాయి. తల్లి వాటిని గడ్డిలో వదిలి పగలంతా దూరంగా ఉంటుంది, పొద్దుగూకినంక వచ్చి పాలిస్తుంది. దెబ్బ తగిలి ఉంటే తప్ప ముట్టుకోవద్దు. తీసుకెళ్తే సాయం చేసినట్టు కాదు, తల్లి నుంచి ఎత్తుకుపోయినట్టు. పైగా 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. కుర్రాళ్లు ఫొటో తీసుకుని కదిలారు. పెద్దాయన గొర్రెల్ని వేరే వైపు తోలాడు.

ఆదివారం సాయంత్రం నేను బస్సెక్కేసరికి నాలుగు పిల్లలూ బతికే ఉన్నాయి. తర్వాత తమ్ముడు రోజూ పొద్దున త్రాసు ఫొటో వాట్సాప్‌లో పెట్టేవాడు. నాలుగో రోజు నుంచి తల్లిని పట్టుకోవాల్సిన పని లేకపోయింది. దానంతట అదే పెట్టెలోకి దిగి, పాలిచ్చి వచ్చేస్తోంది. వారానికి ఒళ్లంతా తెల్లటి నూగు. పదకొండో రోజు కళ్లు తెరిచిన వీడియో వచ్చింది.

మీ ఇంట్లో కుందేలు చూలుతో ఉంటే ఒక్క లెక్క గుర్తుంచుకోండి. చూలు కాలం దాదాపు 31 రోజులు. 28వ రోజుకల్లా అడుగున్నర పొడవు, అడుగు వెడల్పు ఉన్న పెట్టెలో ఎండు గడ్డి వేసి పెట్టండి. నీళ్లు ఎప్పుడూ ఉండాలి. పుట్టాక రోజుకి ఒక్కసారి పిల్లల్ని చూడండి. చనిపోయిన వాటిని తీసేయండి, పొట్టలు చూడండి, మళ్లీ కప్పేయండి. ఇంకో ఆడ కుందేలు అదే రెండు రోజుల్లో ఈని ఉంటే, తాగలేని పిల్లల్ని దాని గూట్లో కలపొచ్చు, చాలావరకు సాకుతుంది. చేత్తో పాలు పట్టడం ఆఖరి దారి.

ఫిబ్రవరిలో ఆ కుందేలు రెండోసారి పిల్లలు పెట్టింది. ఈసారి ప్లైవుడ్ పెట్టె ముందే సిద్ధం. పిల్లలు పెట్టే ముందు రాత్రే అది తన బొచ్చు పీకి మెత్తగా పరిచిందట. ఏడు పిల్లలు, ఏడు గుండ్రటి పొట్టలు. తల్లి ఎక్కడని వీడియో కాల్‌లో అడిగాను. తమ్ముడు కెమెరా తిప్పాడు. పెరటి అవతలి మూలలో, అవ్వ కాళ్ల దగ్గర, గూటికి వీపు పెట్టి వేరుశనగ ఆకు నములుతోంది.