ఎరువు వద్దనే పువ్వు

ఎరువు వేస్తే చచ్చిపోయే పూలమొక్క ఉందంటే నమ్ముతారా? మా బిట్రగుంటలో చెబితే నవ్వారు. డీఏపీ బస్తా దించుకోకుండా వరి వేయని నెల్లూరు జిల్లా కదండీ మరి!

దాని పేరు వారటా. సిడ్నీలో మా అమ్మాయి వాళ్ల పెరట్లో ఉంది. 1962 నుంచి న్యూ సౌత్ వేల్స్ రాష్ట్ర పుష్పం. పేరు అక్కడి ఆదివాసుల భాషలోంచి వచ్చిందే. మనిషెత్తు దాటి పెరిగే పొద, అరచేతంత ఎర్రటి పువ్వు. దగ్గరికెళ్లి చూస్తే అది ఒక్క పువ్వు కాదు, బోలెడు చిన్న పూలు ముద్దగా కూర్చున్న గుత్తి. మన అరకు కాఫీ తోటల్లో నీడకి పెంచే సిల్వర్ ఓక్ కూడా దీని కుటుంబమే, ప్రోటియా కుటుంబం.

ఈ పొద సొంతచోటు సిడ్నీ చుట్టూ ఉన్న ఇసుకరాతి కొండలు. సారం లేని నేల. కుంచెలాంటి గుబురు వేళ్లతో ఆ నేలలో ఉన్న కాస్త భాస్వరాన్నే ఏరుకుని బతుకుతుంది. భాస్వరం ఎక్కువున్న ఎరువు పెడితే తట్టుకోలేదు.

నేను వెళ్లింది పూల కోసం కాదులెండి. అంతకు ఏడాది ముందు అమ్మాయికి నాలుగో నెలలో కడుపు పోయింది. అప్పట్నుంచీ బంధువుల ఫోన్లు. కొండమీద వెంకటేశ్వరస్వామికి మొక్కుకోమని ఒకరు, ఫలానా లేహ్యం తినమని ఇంకొకరు. వారానికొకరు "ఏమైనా విశేషమా?" అని.

అక్టోబరులో ఒక ఆదివారం నన్ను బ్లూ మౌంటెన్స్ తీసుకెళ్లింది. 2019-20 కార్చిచ్చుల్లో పెద్ద భాగం కాలిపోయిన అడవి. కొన్ని మానులు ఇంకా నల్లగానే ఉన్నాయి. వాటి మధ్య వారటాలు ఎర్రగా పూసున్నాయి. పైనంతా కాలిపోయినా నేలలో దుంపలాంటి మొదలు మిగులుతుందట. దాన్నుంచే మళ్లీ చిగురిస్తుంది. చిగురు త్వరగానే వస్తుంది గానీ పువ్వుకి రెండేళ్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుంది.

"అన్నాళ్లూ దీన్నెవరూ ఏమీ అడగలేదు కదమ్మా" అంది.

నేనేం మాట్లాడలేదు. దాని చెయ్యి పట్టుకుని కిందికి దిగాను.

ఇంటికొచ్చి నెలవుతోంది. ఇక్కడ రైలుకట్ట పక్కన తంగేడు విరగబూసింది, ఎవరూ నీళ్లు పోయకుండానే. నిన్న పక్కింటి వదిన గోడ దగ్గర ఆపి, "మీ అమ్మాయికేమన్నా విశేషమా?" అనడిగింది.

"బాగుందొదినా. నిన్న గుత్తొంకాయ చేసుకుందంట, నాకన్నా బాగా కుదిరిందంట" అన్నాను.