హంతకుడు దొరకని సినిమా చూస్తారా?

'మంచి కొరియా సినిమా ఒకటి చెప్పండి. ఫైటింగులు అదిరిపోవాలి, సస్పెన్స్ చివరిదాకా వీడకూడదు'... సినిమాల గురించి నాలుగు ముక్కలు రాస్తున్న పాపానికి నెలకు నలుగురైనా నన్నీ మాట అడుగుతారు. బంధువులు, పక్క ఫ్లాటువాళ్లు, ఆఖరికి మా వీధి చివర మెడికల్ షాపాయన కూడా. నేను ఎదురు ప్రశ్న వేస్తాను. 'చూశాక హాయిగా నిద్రపోవాలా, అక్కర్లేదా?'

వెటకారం కాదండీ. జవాబును బట్టి చెప్పే సినిమా మారిపోతుంది మరి.

నిద్రపోవాలి అన్నవాళ్లకైతే మా డాంగ్ సియోక్ ఉన్నాడు. నటుడు కాకముందు అమెరికాలో కసరత్తులు నేర్పినవాడు. మెడ ఎక్కడ మొదలై భుజం ఎక్కడ ఆగిందో తెలియని మనిషి. 2017లో వచ్చిన 'ది అవుట్‌లాస్', దాని తర్వాతి భాగం 'ది రౌండప్'(2022)లో పోలీసు డిటెక్టివ్‌గా వేశాడు. ఎదుటివాడు ఎంత పెద్ద కత్తి తెచ్చినా ఈయన అరచెయ్యి చాలు. చెంప మీద ఒక్కటిస్తే అవతలివాడు గోడకు అతుక్కుపోతాడు. మన మాస్ హీరోలను చూసి పెరిగిన కళ్లకు ఇది పుట్టిల్లే. కొరియాలో సినిమా హిట్టు లెక్క కోట్ల వసూళ్లలో కాదు, తెగిన టిక్కెట్లలో చెబుతారు. 'ది రౌండప్'కు ఆ ఒక్క దేశంలోనే కోటీ 20 లక్షలకు పైగా తెగాయి. ఆ దేశ జనాభా ఐదు కోట్ల పైచిలుకు!

ఇదే మనిషి 'ట్రెయిన్ టు బుసాన్'(2016)లో నిండు గర్భిణి అయిన భార్యను కాపాడుకునే భర్త. సియోల్ నుంచి బుసాన్ వెళ్లే రైల్లో మనుషులను కరిచి తమలో కలిపేసుకునే జాంబీలు. ఇంటిల్లిపాదీ కలిసి చూడొచ్చా అంటే, పదో క్లాసు దాటిన పిల్లలుంటే చూడొచ్చంటాను. కూతుర్ని పట్టించుకోని తండ్రి ఒకడుంటాడు అందులో. చివర్లో కళ్లు తుడుచుకోని మగవాణ్ని నేనింకా చూడలేదు.

'ది మ్యాన్ ఫ్రమ్ నోవేర్'(2010) కూడా ఈ వరసలోనిదే, కాకపోతే నెత్తురు ఎక్కువ. కొరియా భాషలో దాని పేరు 'అజషీ'. అంటే బయటి మనిషిని పిల్లలు 'అంకుల్' అంటారే, అలాంటి పిలుపు. తాకట్టు కొట్టు నడుపుకునే ఒంటరి మనిషి, పక్కింటి పాప. ఆ పాపను ఎత్తుకుపోతారు. ఇక చూస్కోండి. ఆ ఏడాది కొరియాలో సొంత సినిమాలన్నిటిలో ఎక్కువమంది చూసింది దీన్నే. హిందీలో 'రాకీ హ్యాండ్‌సమ్'(2016)గా తీశారు కానీ అసలు అసలే.

కొరియా కథలు మనకు మరీ కొత్తేం కాదు. సమంత 'ఓ బేబీ'(2019), రెజీనా, నివేదా థామస్‌ల 'శాకిని డాకిని'(2022) అక్కణ్నుంచి వచ్చినవే.

ఈ ఫైట్లలో ఒక సంగతి గమనించారా? తుపాకులు తక్కువ. కత్తి, సుత్తి, బేస్‌బాల్ బ్యాటు... ఇవే ఆయుధాలు. కొరియాలో మామూలు జనం చేతికి తుపాకీ రావడం చాలా కష్టం. చట్టం అంత గట్టిది. కాబట్టి సినిమాలోనైనా కొట్టాలంటే దగ్గరికెళ్లి కొట్టాల్సిందే. కొట్టినవాడూ రొప్పుతాడు, అలిసిపోతాడు. 'ఓల్డ్‌బాయ్'(2003)లో సన్నటి వరండాలో ఒక్కడు సుత్తితో గుంపును ఎదుర్కొనే ఫైటుంది. పక్క నుంచి, ఎక్కడా కట్ లేకుండా ఒకే షాట్‌లో తీశారు. అది ఓకే కావడానికి మూడు రోజుల్లో 17 టేకులు పట్టాయి. హీరో వీపులో కత్తి దిగి ఉంటుంది. అలాగే కొడుతుంటాడు. ఆ నీరసం నటనా నిజమా అని అనుమానం వస్తుంది. దర్శకుడు పార్క్ చాన్ వూక్‌కు 2004లో కేన్స్ చిత్రోత్సవంలో గ్రాండ్ ప్రి తెచ్చిపెట్టిన సినిమా ఇది. కానీ దయచేసి హాల్లో అమ్మానాన్నల మధ్య కూర్చుని చూడకండి. ఆ కథలోని రహస్యం అలాంటిది. అంతకన్నా చెప్పను.

నిద్ర అక్కర్లేదు అన్నవాళ్లకు మొట్టమొదట చెప్పేది మాత్రం 'మెమరీస్ ఆఫ్ మర్డర్'. బాంగ్ జూన్ హో 2003లో తీశాడు. 'పారసైట్'తో 2020లో ఆస్కార్ పట్టుకెళ్లింది ఈయనే. హ్వాసియాంగ్ అనే పల్లె ప్రాంతంలో 1986 నుంచి 1991 దాకా పదిమంది ఆడవాళ్లను అత్యాచారం చేసి చంపారు. పోలీసులు 20 వేల మందికి పైగా అనుమానితులను విచారించారు. హంతకుడు దొరకలేదు. ఆ సంగతి కొరియాలో చిన్న పిల్లాడికి కూడా తెలుసు. అంటే చివర్లో ఎవరూ పట్టుబడరని తెలిసే జనం థియేటర్లకు వెళ్లారన్నమాట. 50 లక్షలకు పైగా టిక్కెట్లు తెగాయి.

ఈ సినిమా నేను మా పెద్ద మావయ్యతో కలిసి చూశాను. ఆయన హెడ్ కానిస్టేబుల్‌గా రిటైరయ్యారు. పోలీసు సినిమాలంటే ఆయనకు మంట. 'వాళ్ల టోపీ కూడా సరిగ్గా పెట్టరురా' అని పదినిమిషాల్లో లేచిపోయే రకం. సబ్‌టైటిల్స్ ఏం చదువుతాంలే అని సణుగుతూనే కూర్చున్నారు. పొలంగట్టున శవం దొరుకుతుంది. హంతకుడి అడుగుజాడ ఒకటి మట్టిలో స్పష్టంగా ఉంటుంది. డిటెక్టివ్ ఆపమని అరుస్తుండగానే ట్రాక్టరు దాని మీద నుంచి వెళ్లిపోతుంది. మావయ్య పకపకా నవ్వారు. 'ఇదిగో ఇదీ నిజం. శవం కనబడిందంటే ఊరంతా అక్కడే. ఇంకెక్కడి జాడలు!' అన్నారు. కుర్చీ కాస్త ముందుకు లాక్కున్నారు.

కాసేపటికి నవ్వు ఆగిపోయింది. కాస్త బుద్ధిమాంద్యం ఉన్న కుర్రాణ్ని తీసుకొచ్చి కొడతారు. నేరం ఒప్పుకోమంటారు. వాడి బూటుతో దొంగ జాడ కూడా వేస్తారు. ఆ తర్వాత కొట్టినవాళ్లు, దెబ్బలు తిన్నవాడు కలిసి నల్ల సాసు నూడుల్స్ తింటూ టీవీలో పోలీసు సీరియల్ చూస్తారు. ఎంత మామూలుగా తింటారో! మావయ్య రిమోట్ తీసుకుని ఆపేశారు. 'కొట్టిందీ మేమే, తర్వాత టీ తెప్పించి తాగించిందీ మేమే' అన్నారు, నా వైపు చూడకుండా. మంచినీళ్లు తాగొచ్చి, మళ్లీ వెయ్యమన్నారు.

సినిమా అయ్యాక అసలు కథ చెప్పాను. ఆ హంతకుడు 2019లో బయటపడ్డాడు. దాచి ఉంచిన ఆధారాల మీది డీఎన్‌ఏ, అప్పటికే జైల్లో ఉన్న ఒక ఖైదీ డీఎన్‌ఏతో సరిపోయింది. పేరు లీ చూన్ జే. 1994లో భార్య చెల్లెల్ని చంపిన కేసులో యావజ్జీవ శిక్ష అనుభవిస్తున్నాడు. మొత్తం 14 హత్యలు తానే చేశానని ఒప్పుకున్నాడు. కానీ హ్వాసియాంగ్ కేసుల్లో అతణ్ని శిక్షించడానికి లేదు. అప్పటి చట్టం ప్రకారం హత్యకు 15 ఏళ్ల గడువు, అది 2006లోనే దాటిపోయింది. హత్యలకు అలాంటి గడువు ఉండకూడదని కొరియా 2015లో చట్టం మార్చింది కానీ, ఈ కేసులకు అప్పటికే ఆలస్యమైంది.

సినిమా చివర్లో హీరో సాంగ్ కాంగ్ హో నేరుగా కెమెరాలోకి చూస్తాడు. హంతకుడు ఎక్కడో హాల్లో కూర్చుని ఈ సినిమా చూస్తుంటాడు, వాడి కళ్లలోకి చూడాలి అని దర్శకుడు పెట్టిన షాట్ అది. లీ నిజంగానే చూశాడు, జైల్లో. 2020లో కోర్టులో అడిగితే మామూలు సినిమాలాగే చూశాను, ఏమీ అనిపించలేదు అన్నాడు.

ఆ రోజు అతను కోర్టుకు వచ్చింది సాక్షిగా. ముద్దాయి వేరే మనిషి. యూన్ సియాంగ్ యో. పోలియోతో కాలు ఈడ్చుకు నడిచేవాడు. 1988లో పదమూడేళ్ల పిల్ల హత్య కేసులో పోలీసులు నిద్రపోనివ్వకుండా వేధించి ఒప్పించారు. 20 ఏళ్లు జైల్లో ఉండి 2009లో పెరోల్ మీద బయటికొచ్చాడు. నిర్దోషి అని కోర్టు చెప్పింది 2020 డిసెంబరులో.

'ఆ కుర్రాడు బతికే ఉన్నాడా తీర్పు నాటికి?' అనడిగారు మావయ్య. ఉన్నాడన్నాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత తన సర్వీసులోని ఒక పేరు చెప్పారు. ఏ ఊరు, ఏ ఏడాది, ఏ కేసు అన్నీ గుర్తున్నాయాయనకు. అత్తయ్యకు కూడా ఎప్పుడూ చెప్పలేదట. అది ఇక్కడ రాసేది కాదు.

దీని తర్వాత 'ది ఛేజర్'(2008) చూడండి. నా హాంగ్ జిన్ తొలి పెద్ద సినిమా. ఇందులో చిత్రమేమిటంటే హంతకుడు మొదట్లోనే దొరికిపోతాడు, నేరం ఒప్పేసుకుంటాడు కూడా. ఆధారాలు లేవు. గడువు దాటితే వదిలెయ్యాలి. అతని ఇంట్లో ఒకామె ఇంకా ప్రాణాలతో ఉండొచ్చు. పోలీసులేమో నగర మేయరు మీద ఎవడో అశుద్ధం విసిరాడని ఆ హడావుడిలో ఉంటారు. ఎవరు చేశారన్నది కాదు సస్పెన్సు, ఆమెను ఎవరైనా చేరుకుంటారా అన్నది. చిన్నపిల్లలు పడుకున్నాక పెట్టుకోవాల్సిన సినిమా.

ఇక బాంగ్ జూన్ హోదే 'మదర్'(2009). అమాయకుడైన కొడుకు మీద హత్యానేరం పడుతుంది. పోలీసులు కేసు మూసేస్తారు, లాయరు పట్టించుకోడు. తల్లే బయల్దేరుతుంది. కొరియా టీవీలో అమ్మ పాత్రలకు పెట్టింది పేరైన కిమ్ హే జాను ఏరికోరి పెట్టాడు. మనింట్లో మనిషిలా ఉంటుంది. మొదటి సీన్‌లో గడ్డి మైదానంలో ఆ పెద్దావిడ ఒక్కతే నిలబడి డాన్స్ చేస్తుంది. ఎందుకో తెలియదు, కాస్త నవ్వు కూడా వస్తుంది. సినిమా మొత్తం అయ్యాక, టీవీ కట్టేసే ముందు ఆ సీన్ ఒక్కటి మళ్లీ వేసి చూడండి.