నక్కో బేటా, దర్వాజా నక్కో

షికాగోలో ఆపా కొడుకు నికా. నవాసా పెళ్లి చూడకపోతే ఎలా అని అమ్మీ ఒకటే జిద్దు. డెబ్బై దాటాయి, రెండు మోకాళ్లూ అరిగిపోయాయి. నల్గొండ నుంచి హైదరాబాద్‌కి బస్సులో వస్తేనే దిగాక రెండు నిమిషాలు కడ్డీ పట్టుకుని నిలబడుతుంది. అందుకే క్రెడిట్ కార్డు మీద ఏళ్లుగా పోగైన పాయింట్లన్నీ ఊడ్చి బిజినెస్ క్లాస్ టికెట్లు చేయించాను. జిందగీలో ఇద్దరికీ అదే మొదటిసారి.

అంతకుముందు నెలరోజులు నేను చదివిందంతా సీట్ల గురించే. 2000లో బ్రిటిష్ ఎయిర్‌వేస్ బిజినెస్ క్లాసులో పూర్తిగా మంచంలా పరుచుకునే సీటు తెచ్చింది. ఒకరి మొహం ముందుకి, పక్కవాళ్ల మొహం వెనక్కి. కిటికీ దగ్గరవాళ్లు లేవాలంటే పక్కవాళ్ల కాళ్లు దాటాలి. అప్పట్లో అదే షాన్. 2017లో ఖతర్ ఎయిర్‌వేస్ క్యూసూట్ పేరుతో సీటుకి జారుడు తలుపు పెట్టింది. ఇక చాలామందికి తలుపుల షౌఖ్ పట్టుకుంది. ఎయిరిండియా ఏ350ల్లోనూ తలుపులే. వరసకి 1-2-1, ఎవరినీ దాటే పని లేదు. మన ఇళ్లల్లో పర్దా తీసేయండి అని చెప్పే లోకం, ఆకాశంలో పర్దాకి ఇంత పైసా పోస్తుందని నాకు అప్పటిదాకా తెలీదు.

వెళ్లేటప్పుడు అలాంటి కొత్త సీట్లే దొరికాయి. ఏ కంపెనీయో చెప్పను, కసూర్ నాది. మధ్యలో ఉండే జత సీట్లు అప్పటికే అయిపోయాయి. నాకొక కిటికీ, నా వెనక కిటికీ అమ్మీకి.

బెల్టుకి భుజం మీదుగా ఇంకో పట్టీ. అది ఓఢ్నీలో చిక్కుకుంది. సీటు ఏటవాలుగా ఉంటుంది కాబట్టి కాళ్లు ముందు సీటు పక్కనున్న గూట్లోకి దూర్చాలి. వెల్లకిలా పడుకునేవాళ్లకి ఫికర్ లేదు. మోకాళ్లు మడిచి పక్కకి తిరగనిదే నిద్రపట్టని మనిషికి అది సందూక్. బటన్లు కూడా లేవు, అద్దం లాంటి పలక ఒకటి. పొయ్యి ముందు బతుకంతా గడిచిన అమ్మీ వేళ్లని అది గుర్తుపట్టలేదు. మోచెయ్యి ఆనితే మాత్రం గుర్తుపట్టి సీటు వెనక్కి వాలడం మొదలెట్టింది. "యా అల్లా" అన్న కేక నాకు వినపడింది.

ఎయిర్‌హోస్టెస్ మంచం పరిచి, తకియా పెట్టి, ప్రేమగా తలుపు మూయబోయింది.

"నక్కో బేటా, దర్వాజా నక్కో. ఖబర్‌లా ఉంది."

సగం తెరిచి ఉంచమని చెప్పి నేను నా డబ్బాలో పడుకున్నాను. దాచడమెందుకు, ఆరు గంటలు కదల్లేదు. అంత నిద్ర ఇంట్లో కూడా పోలేదు.

లేచి చూస్తే అమ్మీ మంచం అంచున కూర్చుని ఉంది. చెప్పులు కాళ్లకి, బ్యాగు ఒళ్లో. మంచంగా మారిన సీటు కిందికి దిగిపోతుంది. అంత ఎత్తు నుంచి ఆ మోకాళ్లతో లేవలేకపోయింది. గొంతు ఆరిపోయి ఉంది. నీళ్ల సీసా పక్కనే, నొక్కితే తెరుచుకునే చిన్న అల్మారాలో ఉంది. అది అల్మారా అని ఎవరు చెప్పారు? నేను చెప్పలేదు.

"పిలవొచ్చు కదా అమ్మీ."

"నువ్వు పడుకున్నావ్ కదా."

తిరుగు ప్రయాణం వేరే కంపెనీది. వరసకి 2-2-2, జాలమంతా పాత మాల్ అని తిట్టిన సీటు. తలుపు లేదు, గోడ లేదు. నొక్కితే టక్కుమనే బటన్లు, వాటి మీద కూర్చున్న మనిషి, పడుకున్న మనిషి బొమ్మలు. కాళ్ల దగ్గర జాగా తెరిచి ఉంది. అమ్మీని నడవా వైపు కూర్చోబెట్టి నేను కిటికీకి పోయాను. బాత్రూంకి పోవాలంటే అమ్మీ కాళ్లు దాటాలి. రెండోసారి దాటుతుంటే, "చిన్నప్పుడు కూడా ఇట్లాగే తొక్కేవాడివి" అని నవ్వింది. లేవాలన్నప్పుడల్లా నేనే బటన్ నొక్కి మంచాన్ని మళ్లీ సీటు చేశాను. ఆ రాత్రి నా చొక్కా చేతిని గుప్పిట్లో పట్టుకుని, పక్కకి తిరిగి, మోకాళ్లు మడుచుకుని పడుకుంది. నాకు నిద్రలేదు. ఆమె పట్టు వదులుతుందేమోనని కదల్లేదు కూడా.

మొన్న పక్కింటి ఖాలా అడిగితే అమ్మీ చెబుతోంది: "పోయేటప్పుడు కమ్రా ఇచ్చారు, వచ్చేటప్పుడు తఖ్త్ ఇచ్చారు. తఖ్తే బాగుంది."

ఆపా వచ్చే ఏడు మళ్లీ రమ్మంటోంది. పాయింట్లు లేవు. అయినా రాత్రిళ్లు సీట్ల పటాలు తెరిచి, మధ్య అడ్డం కిందికి దిగే జత సీట్లు ఏ విమానంలో ఉన్నాయా అని వెతుకుతున్నాను.