బంతి పట్టినవాడి ఆట

జంషెడ్‌పూర్‌లో సాక్చీకి దగ్గర్లోనే ఉంటుంది భాలుబాసా. ఉక్కు కర్మాగారంలో పనికోసం ఉత్తరాంధ్ర నుంచి వచ్చి ఈ నగరంలో స్థిరపడిన తెలుగు కుటుంబాల్లో ఇప్పుడు నడుస్తున్నది మూడో తరమో, నాలుగో తరమో. ఇంట్లో తెలుగు, గడప దాటితే హిందీ. సందుల్లో పిల్లలాడే క్రికెట్‌కు మాత్రం ఏ భాషలోనైనా ఒకటే రాజ్యాంగం: బ్యాట్ ఎవడిదో మొదటి బ్యాటింగ్ వాడిది. బౌలింగ్ అంటే తన వంతు వచ్చేదాకా చేయాల్సిన ఊడిగం.

పెద్దల లెక్కా అంతే. 200 దాటితేనే మంచి మ్యాచ్. రాంచీ ధోనీ పుణ్యమా అని చెన్నైకి జైకొట్టే ఊళ్లో, భాషాభిమానం కొద్దీ హైదరాబాద్ వైపు మొగ్గేవారికి 2018 ఏప్రిల్ కాస్త వింత పరీక్షే పెట్టింది. 24న వాంఖడేలో సన్‌రైజర్స్ 118కే కుప్పకూలింది. టీవీ కట్టేయాల్సిన స్కోరు. కానీ ముంబై 87కే ఆలౌటైంది. రషీద్ ఖాన్ నాలుగు ఓవర్లలో ఇచ్చింది 11 పరుగులే. భువనేశ్వర్ కుమార్ ఆడని మ్యాచ్ అది.

రెండ్రోజుల తర్వాత ఉప్పల్‌లో పంజాబ్‌తో పోరు ఇంకా రసవత్తరం. పంజాబ్ పేసర్ అంకిత్ రాజ్‌పుత్ 14 పరుగులకు 5 వికెట్లు తీశాడు. హైదరాబాద్ కోల్పోయిన ఆరు వికెట్లలో ఐదు అతనివే. మనీశ్ పాండే అర్ధసెంచరీతో స్కోరు ఎలాగో 132కు చేరింది. రాహుల్, గేల్ తొలి వికెట్‌కు 55 జోడించాక ఇంకేం మిగిలిందనిపించింది. రాహుల్‌ను రషీద్ బౌల్డ్ చేయడంతో తలుపు తెరుచుకుంది. మిగతా 64 పరుగుల్లో పది వికెట్లూ పడ్డాయి. పంజాబ్ 119 ఆలౌట్. జీవితంలో మరచిపోలేని స్పెల్ వేసిన రాజ్‌పుత్ ఓడిన జట్టులో మిగిలాడు.

బౌలర్ చేయగలిగింది ఎదుటివాణ్ని ఆపడమే. తన జట్టు పరుగులు తీయకపోతే ఆ పనితనం గెలుపు కాదు. ఇందుకు పరాకాష్ఠ క్రికెట్‌లో లేదు, బేస్‌బాల్‌లో ఉంది. ఆ కథలోని జట్టు జంషెడ్‌పూర్‌కు మరీ పరాయిది కాదు. ఇక్కడి కర్మాగారం కోసం 1902లో జంషెడ్‌జీ టాటా సలహా అడగడానికి వెళ్లిన పిట్స్‌బర్గ్‌దే. 1959 మే 26న ఆ పైరేట్స్ పిచర్, అంటే బౌలర్, హార్వే హాడిక్స్ మిల్వాకీ బ్రేవ్స్‌పై 12 ఇన్నింగ్స్‌లలో వరుసగా 36 మందిని ఔట్ చేశాడు. ఒక్కడూ బేస్ చేరలేదు. మామూలుగా 9 ఇన్నింగ్స్‌లకే ముగియాల్సిన ఆట అది. అయితే అవతల లూ బర్డెట్ కూడా 12 హిట్లు ఇచ్చినా పరుగు ఇవ్వలేదు. 13వ ఇన్నింగ్స్‌లో సహచరుడి పొరపాటుతో ఒకడు బేస్ చేరాడు. ఆపై జో ఆడ్‌కాక్ కొట్టిన దెబ్బకు 1-0తో పైరేట్స్ ఓడింది.

అయినా సందులో కుర్రాడికి బౌలింగ్ నేర్పాలా? ఈ ఊరి వరుణ్ ఆరన్ నేర్చుకున్నాడు. 2011 విజయ్ హజారే ఫైనల్లో గంటకు 153 కిలోమీటర్ల వేగంతో బంతి విసిరి దేశాన్ని తనవైపు తిప్పుకున్నాడు. ఆ వేగానికి మూల్యం వెన్నెముక చెల్లించింది. పదేపదే పగుళ్లు. 9 టెస్టులు, 9 వన్డేలతోనే అంతర్జాతీయ ఆట ముగిసింది. 2024 ఫిబ్రవరిలో శరీరం ఇక సహకరించడం లేదంటూ ఎర్రబంతికి, 2025 జనవరిలో మొత్తం క్రికెట్‌కు వీడ్కోలు పలికాడు.

హాడిక్స్‌కైతే రికార్డూ దక్కలేదు. ‘నో హిటర్’ నిర్వచనాన్ని 1991లో సవరించినప్పుడు ఆ 12 ఇన్నింగ్స్‌లను అధికారిక జాబితాలోంచి తీసేశారు.