సలికాలం లెక్క

మెట్‌పల్లి నుంచి బాపమ్మ ఫోన్ చేస్తే ముందు వానో ఎండో చెబుతుంది, తర్వాత మోకాళ్ల సంగతి, చివరికి కోళ్లు. ఈ వరుస ఎప్పుడూ మారదు. మొన్న డిసెంబర్ మొదటి వారంలో మాత్రం కోళ్లతోనే మొదలుపెట్టింది.

"గుడ్లు పెడ్తలేవు బిడ్డా. ఏడు పెట్టలున్నయి. వారానికి నాలుగు గుడ్లు గూడ అయితలేవు."

"సలికాలం గదా బాపమ్మా," అన్నాను.

"ఎన్ని సలికాలాలు సూడలేదురా! గింత తక్కువ ఎన్నడు లేదు."

ఆ రెండో మాట నాకు వినపడింది గానీ నేను వినలేదు. అప్పటికే గచ్చిబౌలి ఆఫీసులో కూర్చుని గూగుల్ తెరిచేశాను.

మా ఇంట్లో గుడ్డంటే చిల్లర డబ్బులు. నేను నాలుగో తరగతిలో ఉండగా బాపు మస్కట్ పోయాడు. మా వైపు ప్రతి వాడలోనూ అట్లాంటి ఇళ్లు ఉండేవి, ఇప్పటికీ ఉన్నాయి. అక్కడి నుంచి వచ్చే డబ్బులు అప్పుకీ మిత్తికీ సరిపోయేవి. ఇల్లు నడిచింది బాపమ్మ, అమ్మ చేసిన బీడీల మీద. ఒళ్లో చాట, తడిపి కత్తిరించిన తునికాకు, తంబాకు, దారం. కూలి వెయ్యి బీడీలకు ఇంతని. బాగా లేవని కార్ఖానాలో కొన్ని తీసేస్తే ఆ కష్టం పోయినట్టే. నోటుబుక్కు, పెన్ను, హోలీ రంగులు, ఇట్లాంటివన్నీ కోళ్ల లెక్కలో వచ్చేవి.

పొద్దున గూడు తలుపు తీయడం బాపమ్మ పని. ఒక్కో పెట్టనీ చంకలో ఇరికించుకుని, వెనకవైపు వేలితో తడిమి చూసేది. లోపల గుడ్డు గట్టిగా తగిలితే ఆ పెట్టని గంప కింద కమ్మేది. మిగతావాటిని వదిలేసేది. గంప కింద కోడి మధ్యాహ్నంలోపు గుడ్డు పెట్టి, ఊరంతా తెలిసేలా అరిచేది. అప్పుడు గంప లేచేది. గుడ్డు తయారవడానికి 24 నుంచి 26 గంటలు పడుతుందని, అందులో దాదాపు 20 గంటలు పెంకుకే పోతాయని నేను తర్వాతెప్పుడో చదివాను. అంటే తెల్లారేసరికి ఆ రోజు గుడ్డు పెంకుతో సహా లోపల సిద్ధంగా ఉంటుందన్నమాట. బాపమ్మ వేలికి ఇదంతా ముందే తెలుసు.

ఇప్పుడు అమ్మా బాపూ నా దగ్గరే, హైదరాబాద్‌లో, మా పాపని చూసుకుంటున్నారు. బాపమ్మ మాత్రం రానంది. కోళ్లని ఎవరు చూస్తారంటుంది. అదొక సాకని మాకు తెలుసు. మాకు తెలుసని తనకీ తెలుసు.

సరే, గుడ్ల సంగతి. కోడికి వెలుతురు కళ్లతోనే అందదట. పుర్రె గుండా లోపలికి దిగి, మెదడు అడుగున ఉన్న భాగాన్ని నేరుగా తాకుతుంది. అక్కడి నుంచి హార్మోన్లు కదిలితేనే గుడ్లసంచి పని మొదలుపెడుతుంది. పగలు కుదించుకుపోయే కొద్దీ ఆ కబురు బలహీనపడుతుంది. అందుకే పెద్ద ఫారాల్లో బల్బులు పెట్టి రోజుకి 16 గంటల దాకా వెలుతురు ఇస్తారు. ఆ కోళ్లకి సలికాలం వచ్చిందని ఎవరూ చెప్పరు. ఏడాదికి మూడు వందలకి పైగా గుడ్లు పెడతాయి. మన నాటుకోడి పెట్టేది అందులో ఐదోవంతు. పదో పన్నెండో పెట్టి, పొదుగుకు కూర్చుని, పిల్లల్ని తిప్పుకుని, మళ్లీ ఎప్పుడో మొదలుపెడుతుంది.

ఇక్కడే నాలోని ఇంజినీరు నిద్రలేచాడు. ఒక స్మార్ట్ ప్లగ్గు, ఒక ఎల్ఈడీ బల్బు, ఒక చిన్న కెమెరా. శనివారం బస్సెక్కి వెళ్లి బిగించి వచ్చాను. తెల్లవారుజామున నాలుగున్నరకి బల్బు వెలుగుతుంది, ఏడింటికి ఆరిపోతుంది. ఎక్సెల్‌లో తేదీ, వెలుతురు గంటలు, గుడ్లు. బాపమ్మ గడపలో కూర్చుని అంతా చూసి, "వాటిని గూడ నైట్ డూటీకి ఎక్కిస్తివా?" అంది.

నిజానికి లెక్క అప్పుడే తేడాగా ఉంది. లండన్‌లో డిసెంబర్ పగలు ఎనిమిది గంటలు కూడా ఉండదు. అక్కడ కోళ్లు ఆగిపోయాయంటే అర్థముంది. మెట్‌పల్లిలో ఏడాదిలో అతి చిన్న పగలు కూడా 11 గంటలు, అతి పెద్దది 13 దాటి కొంచెం. తేడా రెండు గంటల పైచిలుకు. సలికి తిన్న మక్కలు ఒళ్లు వెచ్చబెట్టుకోవడానికే పోతాయి, నిజమే. ఈకలు రాల్చే కోడి గుడ్లు మానేస్తుంది, అదీ నిజమే. ఈకంటే దాదాపు మాంసకృత్తే, రెండు పనులకీ ఒంట్లో సరుకు చాలదు. ముసలి పెట్టలు రెండు ఉన్నాయి. ఇవన్నీ కలిపినా అంత తగ్గకూడదు. కానీ నా దగ్గర వివరణ ఉంది, బల్బు ఉంది, ఎక్సెల్ ఉంది. ఇన్ని ఉన్నాక అనుమానం ఎందుకొస్తుంది?

రెండు వారాలు పోయినా గుడ్లు పెరగలేదు. డిసెంబర్ చివరి వారంలో కెమెరాలో ఆరే పెట్టలు కనిపించాయి. నల్లది లేదు. "ముంగిస ఎత్తుకపోయినట్టుంది," అంది బాపమ్మ.

సంక్రాంతికి అందరం వెళ్లాం. భోగి తెల్లారి పాప అరుచుకుంటూ వచ్చింది. పక్కింటి పశువుల కొట్టం వెనక నుంచి నల్లపెట్ట నడిచి వస్తోంది, వెంట తొమ్మిది పిల్లలు. మక్కసొప్ప మోపుల సందులో చూస్తే పగిలిన పెంకులు, పొదగని గుడ్లు మూడు. ఇంకాస్త లోపల వేరే పెట్టలు పెట్టినవి, ఎప్పటివో, ఓ పది దాకా పాడైపోయిన గుడ్లు. నా ఎక్సెల్ సున్నా అన్న రోజుల్లో కోళ్లు నిక్షేపంగా గుడ్లు పెట్టాయి. సలికాలానికి కొంత తగ్గించాయి గానీ మానేయలేదు. మా ఇంట్లో పెట్టలేదు, అంతే.

"పొద్దున గంప కింద కమ్ముతలేవా బాపమ్మా?" అని నవ్వుతూనే అడిగాను.

తను నవ్వలేదు. చాలాసేపు పిల్లల్ని చూస్తూ ఉండిపోయింది.

"ఏలుకు తెలుస్తలేదురా. గుడ్డున్నది, లేనిది తెలుస్తలేదు. ఏ కోడినని కమ్మాలె?"

నాకు ఒక్కొక్కటీ గుర్తుకొచ్చాయి. చాయి గ్లాసుని రెండు అరచేతుల మధ్య పట్టుకోవడం. సలికి అనుకున్నాను. వీడియో కాల్‌లో ఫోన్ ఎప్పుడూ గోడకి ఆనించి ఉండడం. బాపమ్మ టెక్నాలజీ నేర్చుకుందని ఆఫీసులో గొప్పగా చెప్పాను కూడా. కరీంనగర్‌లో డాక్టర్ మణికట్టులో నరం నొక్కుకుపోయిందన్నాడు. షుగర్ కూడా ఉందన్నాడు. చేతులతో ఏం పని చేసేవారమ్మా అని అడిగితే, "బీడీలు," అంది. యాభై ఏళ్లు. ఇంకాస్త ముందు రావాల్సిందని ఆయన నావైపు చూసి అన్నాడు.

మనకొక సామెత ఉంది. తన కోడీ కుంపటీ లేకపోతే ఊరికి తెల్లవారదనుకుందట ఒక ముసలమ్మ. అలిగి రెండూ తీసుకుని అడవికి పోయింది. ఊరికి మామూలుగానే తెల్లవారింది. ఈ కథని ఎప్పుడు చెప్పినా ముసలమ్మ అహంకారం గురించే చెబుతాం, నేనూ ఒకటి రెండు సమీక్షల్లో వాడుకున్నాను. ఈ మధ్య ఇంకోవైపు నుంచి చదువుతున్నాను. అన్నేళ్లు ఆ కోడి కూతకి లేచి, ఆ కుంపట్లో నిప్పు తెచ్చుకున్న ఊరు, ఆమె కనపడకుండా పోయాక ఒక్కరినైనా వెతకడానికి పంపిందా? కథలో ఆ ఊసే లేదు. మస్కట్ అప్పు తీరింది, నా చదువు అయింది, హైదరాబాద్‌లో మాకు రోజూ తెల్లవారుతూనే ఉంది.

తిరిగి వచ్చే రోజు పొద్దున గూడు దగ్గర బాపమ్మ మంచం మీద కూర్చుంది. ఎర్రపెట్టని నా చంకలో పెట్టి, వేలు ఎక్కడ పెట్టాలో, ఎంత మెల్లగా పెట్టాలో చెప్పింది. కోడి వెచ్చగా ఉంది, గుండె టకటకా కొట్టుకుంటోంది. "తాకిందా?" అని అడిగింది. నాకు ఏమీ తెలియలేదు. "తాకింది," అన్నాను. గంప కింద కమ్మాం. నేను బస్సెక్కేదాకా అది గుడ్డు పెట్టలేదు.

వెళ్లే ముందు గూట్లోంచి బల్బు తీసి, బాత్రూంకి వెళ్లే దారిలో బిగించాను. టైం మార్చలేదు. బాపమ్మ లేచేది కూడా ఆ నాలుగున్నరకే. "కోళ్లకు పనికిరాని లైటు నాకెందుకురా," అని గొణిగింది గానీ తీసేయమనలేదు. ఇప్పుడు ఫోన్‌లో ముందు చేతుల సంగతి అడుగుతున్నాను. "మంచిగనే ఉన్నయి," అంటుంది వెంటనే, కోళ్ల సంగతిలోకి దిగిపోతూ. ఈసారి ఆ మాటని వింటున్నాను. నమ్మడం లేదు.